ఎర్ర స్విఫ్ట్ ఫొటోలు: ముందు డోర్‌లో ఏం కనిపిస్తోందో చూడు

అన్నా అని పిలిచావు కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు.

నువ్వు అడిగింది ఇదీ: వైజాగ్‌లో ఉంటావు. ఆర్నెల్ల కిందట కొన్న ఎర్ర స్విఫ్ట్, మామయ్య ఇచ్చిన పాత డీఎస్ఎల్ఆర్, దాని మీద 18-55 కిట్ లెన్స్ (కెమెరాతో పాటే వచ్చే మామూలు జూమ్: 18 దగ్గర ఎక్కువ వెడల్పు, 55 దగ్గర ఎక్కువ జూమ్). మూడు ఫొటోలు పెట్టావు. ఒకటి ఆర్కే బీచ్ దగ్గర మిట్టమధ్యాహ్నం, ఒకటి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఒకటి భీమిలి రోడ్డు మీద సాయంత్రం. ఫ్రెండ్స్ చూసి 'బండి అమ్మేస్తున్నావా' అని ఆటపట్టిస్తున్నారు. ఎంత ఎడిట్ చేసినా కారు ప్లాస్టిక్‌లా కనిపిస్తోంది. కంపోజిషన్ ఎలా, ఎడిటింగ్ ఎలా, కొత్త లెన్స్ కొనాలా?

చివరి ప్రశ్నకి ముందు జవాబు: కొనొద్దు. ఆ డబ్బు జేబులోనే ఉంచుకో. ఎందుకో చదువుతుంటే నీకే తెలుస్తుంది.

నాకు కూడు పెట్టేది పెళ్లి ఫొటోలు. కార్లు తీసేది ఇష్టంతో, పన్నెండేళ్లుగా. మొదట్లో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల యార్డుకి ఫొటోకి ఇంత అని తీసిచ్చేవాణ్ణి. ఒకరోజు నల్ల సెడాన్ ఒకటి వచ్చింది. తళతళా కడిగించి, చుట్టూ తిరిగి ఇరవై ఆరు ఫొటోలు తీసి గర్వంగా పంపించా. ఓనరు ఫోన్ చేసి 'కారుతో పాటు మీరు కూడా అమ్మకానికేనా?' అన్నాడు. పెద్దగా చేసి చూస్తే ప్రతి డోర్‌లోనూ నేనే. గులాబీ రంగు చొక్కా, కాళ్లు ఎడంగా పెట్టుకుని, మొహానికి కెమెరా. అప్పటినుంచి నా కెమెరా బ్యాగులో ఎప్పుడూ ఒక నల్ల టీషర్ట్ ఉంటుంది.

నవ్వుకోవడానికి చెప్పలేదు. నీ మూడు ఫొటోల్లో ఉన్న తప్పు కూడా అదే. మనిషిని ఫొటో తీస్తే మనిషి పడతాడు. కారుని తీస్తే కారు మీద పడ్డ ఊరు పడుతుంది. బానెట్, రూఫ్, కిటికీల కింద భుజంలా ఉండే అంచు, ఇవి ఆకాశాన్ని చూపిస్తాయి. డోర్ మధ్యభాగం నీ వెనకాల ఏముందో అది చూపిస్తుంది. డోర్ అడుగుభాగం లోపలికి వాలి ఉంటుంది కాబట్టి రోడ్డుని, రోడ్డు పక్క గడ్డిని చూపిస్తుంది. చాలామంది కారు వెనక ఏముందో చూసుకుని లొకేషన్ ఎంచుకుంటారు. నువ్వు ముందు నీ వెనక ఏముందో చూసుకోవాలి.

నీ ఆర్కే బీచ్ ఫొటోనే తీసుకో. వెనకాల సముద్రం బాగానే ఉంది. కానీ డోర్ నిండా ఏముంది? రోడ్డుకి అవతలి పక్క హోటళ్ల కిటికీలు, ఒక ఆటో, గొడుగు కింద ఎవరో. రెండు డోర్ల మీదా చిన్నచిన్న గళ్లు, మచ్చలు. ఆ గందరగోళంలో కారు బాడీ మీద కంపెనీ వాళ్లు కష్టపడి గీసిన గీత ఎక్కడా కనపడదు. పైగా నడినెత్తిన సూర్యుడు, బానెట్ మీద తెల్లటి మంట, చక్రాల దగ్గర కాటుక చీకటి. ఈ ఫొటోని ఏ యాప్‌ కూడా బాగుచేయలేదు. వదిలెయ్.

వచ్చే ఆదివారం ఒక పని చెయ్. కెమెరా కార్లోనే ఉంచి, కారుకి పది అడుగుల దూరంలో గొంతుకూర్చుని డోర్ వైపే చూడు. అలాగే ఒక అడుగు పక్కకి జరుగు. కరెంటు స్తంభం ప్రతిబింబం డోర్ మీద పాములా మెలికలు తిరుగుతూ జారిపోతుంది. ఇంకో అడుగు. ఒకచోట డోర్ అంతా శుభ్రంగా, పైన వెలుతురు, కింద ముదురు రంగు, మధ్యలో సాఫీగా ఒకే గీతలా కనిపిస్తుంది. ట్రైపాడ్ అక్కడ పెట్టాలి. ఎంత జరిగినా ఆ చోటు దొరక్కపోతే కారునే పది డిగ్రీలు తిప్పి పెట్టుకో. నేను ఇప్పటికీ షట్టర్ నొక్కే ముందు పావుగంట ఇదే చేస్తా. చూసేవాళ్లకి పిచ్చోడిలా కనిపిస్తా, ఫర్వాలేదు.

ఇప్పుడు భీమిలి రోడ్డు ఫొటో. ముగ్గురిలోకి ఇదే మంచి పిల్ల, కాబట్టి దీని మీద కాసేపు ఉందాం.

మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేచి కొండల వెనక దిగుతాడు. గోవా వాళ్ల ఫొటోలు చూసి సాయంత్రం బీచ్‌కి వెళ్లి సూర్యాస్తమయం కోసం వెతికితే మనకు దొరికేది కొండ నీడ. దీన్ని లోటు అనుకోకు, నిజానికి వరం. సూర్యుడు దిగాక పడమటి ఆకాశం మొత్తం ఒక పెద్ద లైటులా పనిచేస్తుంది. నువ్వు కొండల వైపు, అంటే పడమటికి వీపు పెట్టి నిలబడితే ఆ మెత్తటి వెలుతురు నేరుగా కారు పక్కభాగం మీద పడుతుంది. వెనకాల తూర్పున సముద్రం మీద, మబ్బుల్లేని రోజున, కింద బూడిద నీలం, దానిపైన లేత గులాబీ పట్టీ కనిపిస్తుంది. ఆ నీలం పట్టీ భూమి నీడే. ఆ రెండు రంగుల ముందు ఎర్రకారు ఎలా ఉంటుందో ఊహించుకో.

కానీ టైం తక్కువ. యూట్యూబ్‌లో యూరప్ వాళ్లు బ్లూ అవర్ (సూర్యుడు దిగాక వచ్చే నీలి వెలుతురు) అని గంట గంట తీస్తుంటారు. మనం భూమధ్యరేఖకి దగ్గర కాబట్టి సూర్యుడు దాదాపు నిలువుగా దిగిపోతాడు. పనికొచ్చే వెలుతురు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు, అంతే. డిసెంబరులో అయితే వైజాగ్‌లో అయిదున్నరలోపే సూర్యుడు దిగిపోతాడు. నువ్వు ఆరింటికి బయల్దేరితే చీకట్లో టీ తాగి రావడమే. గంట ముందే వెళ్లి, కారు ఎక్కడ ఆపాలో, ట్రైపాడ్ ఎక్కడో చూసుకుని కూర్చో. రోడ్డు మీద కాదు సుమా, పక్కకి పూర్తిగా దిగి.

ఆ ఫొటోలో నువ్వు సగటు మనిషి కంటి ఎత్తునుంచి తీశావు. రోడ్డు మీద నడిచే ప్రతివాడూ స్విఫ్ట్‌ని రోజూ అదే ఎత్తునుంచి చూస్తాడు. అందుకే అమ్మకం ఫొటోలా ఉంది. రూఫ్ కనిపిస్తే కారు బొమ్మలా చిన్నదైపోతుంది. హెడ్‌లైట్ ఎత్తుకి దిగు. ఇంకా దిగితే కారు ఏదో గోడలా లేస్తుంది, అది ఎస్‌యూవీలకి బాగుంటుంది కానీ స్విఫ్ట్‌కి కాదు. ఎత్తు మారిస్తే సముద్రపు గీత ఎక్కడ పడుతుందో కూడా చూసుకో. నీ ఫొటోలో అది సరిగ్గా రూఫ్ అంచుకి తగులుతూ కారు నెత్తి కోసినట్టుంది. కిటికీల కిందకి గానీ, రూఫ్ పైకి గానీ పంపించు.

తర్వాత దూరం. నువ్వు 18 దగ్గర పెట్టి, ముందు బంపర్‌కి 2 మీటర్ల దూరంలో నిలబడ్డావు. స్విఫ్ట్ పొడవు 4 మీటర్ల లోపే. అంటే బంపర్ నీకు 2 మీటర్లలో ఉంటే డిక్కీ 6 మీటర్లలో ఉంది, మూడింతలు దూరం. అందుకే ముక్కు ఉబ్బి, వెనకభాగం ముడుచుకుపోయింది. అదే లెన్స్‌ని 55 కి తిప్పి, బంపర్‌కి 10 మీటర్ల దూరం వచ్చేదాకా వెనక్కి నడువు. ఇప్పుడు ముందుభాగం 10, వెనకభాగం 14. తేడా ఒకటిన్నర రెట్లు కూడా లేదు. కారు ఎలా ఉందో అలాగే వస్తుంది, వెనకాల కొండ కూడా పెద్దదై దగ్గరికొస్తుంది. నీ కెమెరా సెన్సర్ చిన్నది కాబట్టి ఈ 55 అనేది ఫుల్ ఫ్రేమ్‌లో, అంటే పెద్ద సెన్సర్ ఉన్న కెమెరాలో, దాదాపు 85 తో సమానం. కార్లకి చాలామంది వాడేది ఇంచుమించు అదే. కొత్త లెన్స్ వద్దన్నది ఇందుకే, నీకు కావలసింది నీ లెన్స్ చివర్లోనే ఉంది. ఫోన్‌తో తీసినా ఇదే సూత్రం, వెనక్కి నడిచి 2ఎక్స్ లేదా 3ఎక్స్ పెట్టు.

చక్రం. నీ ఫొటోలో టైరు గాట్లు కెమెరా వైపు తిరిగి ఉన్నాయి, అలాయ్ కనపడదు. ముందునుంచి ఏటవాలుగా తీసేటప్పుడు స్టీరింగ్ కెమెరా ఉన్న పక్కకి కాకుండా అవతలి పక్కకి తిప్పాలి. అప్పుడు అలాయ్ మొహం నీవైపు చూస్తుంది. పూర్తిగా తిప్పేయకు, యూటర్న్ తీసుకుంటున్నట్టు ఉంటుంది.

రూఫ్ మీద మొలిచిన లైటు స్తంభం గురించి నీకు చెప్పక్కర్లేదనుకుంటా, ఫొటో చూడగానే నీకే కనిపించి ఉంటుంది. బంపర్ కింద వేలాడే నిమ్మకాయ మిరపకాయల సంగతి మాత్రం సున్నితం. తీసేయమని చెప్పే ధైర్యం నాకు లేదు, ఇంట్లో అమ్మ ఊరుకోదు. ఫొటో అయ్యేదాకా కాస్త లోపలికి మడిచిపెట్టి, తర్వాత కిందికి వదిలెయ్. కిటికీలన్నీ ఎత్తేసి, డ్యాష్‌బోర్డ్ మీద టిష్యూ డబ్బా దించెయ్.

రూల్ ఆఫ్ థర్డ్స్ (ఫ్రేమ్‌ని గీతలతో మూడేసి భాగాలు చేసి, ఆ గీతల మీద కారుని పెట్టడం) పాటించానని రాశావు. పాటించావు, నిజమే, కానీ కారు ముక్కు ఫ్రేమ్ అంచుకి తగులుతోంది, తోక వెనక సగం ఫొటో ఖాళీ. కారు ఎటు చూస్తుంటే అటు కాస్త చోటు వదలాలి. గీతల లెక్క కన్నా అది ముఖ్యం. సరిగ్గా మధ్యలో పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర తీద్దామనుకుంటున్నానని రాశావు. వద్దు. ఎరుపు మీద ఎరుపు, కారు మట్టిలో కలిసిపోతుంది. అంతకన్నా ముఖ్యంగా అది కాపాడుకోవలసిన భూవారసత్వ స్థలం, చక్రాల ముద్రలు వేసే చోటు కాదు. ఎర్రకారుకి ముదురు ఆకుపచ్చ కొండ, తడి రోడ్డు, బూడిద రంగు గోడ, ఇవి బాగుంటాయి.

సెల్లార్ ఫొటోని నువ్వు సిగ్గుపడుతూ పెట్టావు. నాకైతే అందులోనే ఎక్కువ ఆశ కనిపించింది. సెల్లార్‌లో వెలుతురు నీ చేతిలో ఉంటుంది. పైన వరసగా ఉన్న ట్యూబ్‌లైట్లు బానెట్ మీద పొడవాటి తెల్లగీతలుగా పడతాయి, కారు వంపులని అవే గీసి చూపిస్తాయి. వాచ్‌మన్‌ని అడిగి పక్క లైన్ ఆపించి, ఒక్క లైనే ఉంచి చూడు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి కొన్ని లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/50 సెకను గానీ ఇంకా నెమ్మదిగా గానీ పెడితే ఫొటోలో చారలు పడవు.

ఇంకా మజా కావాలంటే రాత్రి పదకొండు తర్వాత అన్ని లైట్లూ ఆపించి ఇలా చెయ్. కెమెరా ట్రైపాడ్ మీద, ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎఫ్8 (లెన్స్ రంధ్రం సైజు), షట్టర్ 15 సెకన్లు, టైమర్ మీద. వెలుతురుండగానే ఫోకస్ చేసి మాన్యువల్‌కి మార్చెయ్, చీకట్లో అది వెతుక్కుంటూనే ఉంటుంది. చార్జింగ్‌తో పనిచేసే ఎల్ఈడీ ట్యూబ్ ఒకటి పట్టుకో, ఎమర్జెన్సీ లైటు అయినా చాలు. నల్ల బట్టలు వేసుకుని, ట్యూబ్‌ని కారుకి రెండడుగుల పైన అడ్డంగా పట్టుకుని, కారు అవతలి పక్కనుంచి ముక్కునుంచి తోక దాకా ఒకే వేగంతో నడువు. ఆగావంటే ఆగినచోట తెల్లమచ్చ పడుతుంది. ఫొటోలో రూఫ్ అంచు వెంట సిల్కు దారంలాంటి గీత వస్తుంది. రెండో ఫొటోలో ఇదే పని ఇవతలి పక్క, డోర్ ఎత్తులో. మూడోది చక్రాలకి. కెమెరా మాత్రం వెంట్రుకవాసి కూడా కదలకూడదు. తర్వాత ఈ మూడింటినీ ఒకదానిమీద ఒకటి వేసి, బ్లెండ్ మోడ్ లైటెన్ పెడితే ప్రతిదాంట్లో వెలిగినచోటు మాత్రమే మిగులుతుంది. ఫొటోషాప్ లేకపోయినా స్నాప్‌సీడ్‌లో డబుల్ ఎక్స్‌పోజర్ అని ఉంటుంది, అందులోనూ లైటెన్ ఉంది. మొదటిరోజు నాకు పదిహేడు ఫొటోలు పోయాయి, పద్దెనిమిదోది ఇప్పటికీ నా ఫోన్ వాల్‌పేపర్.

ఇక ఎడిటింగ్. తిరునాళ్లలో అమ్మే ప్లాస్టిక్ కారులా ఎందుకొస్తోందంటే, ఎరుపు అప్పటికే నిండిపోయి ఉంది, నువ్వు శాచురేషన్ (రంగు గాఢత) ఇంకో 40 పెంచావు. ఫొటోలో ప్రతి రంగూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు గిన్నెల్లో ఉంటుంది, జేపెగ్‌లో ఒక్కో గిన్నె 0 నుంచి 255 దాకా పడుతుంది. ఎర్రకారు మీద ఎండ పడితే మిగతా రెండూ సగం కూడా నిండకముందే ఎరుపు గిన్నె నిండిపోతుంది. డోర్ మీద వెలుగున్నచోటా 255, పక్కన కాస్త నీడున్నచోటా 255. రెండింటికీ తేడా పోయాక వంపు ఎక్కడ కనపడుతుంది? రంగు పూసిన అట్టముక్కలా ఉంటుంది. కెమెరాలో తెల్లటి హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) ఒక్కటే చూస్తే ఇది తెలీదు, మూడు రంగులవీ విడివిడిగా చూపించే ఆప్షన్ పెట్టుకో. ఎరుపు గీత కుడి గోడకి తగులుతుంటే ఎక్స్‌పోజర్ −0.7 లేదా −1 కి దించు. ఫొటో ముదురుగా కనిపిస్తుంది, భయపడకు, రా ఫైల్‌లో (కెమెరా ఏమీ కుదించకుండా దాచే ఫైల్) తీస్తే నీడలు తర్వాత లేపుకోవచ్చు. పోయిన ఎరుపు మాత్రం తిరిగి రాదు.

నీ భీమిలి ఫొటో దించుకుని నేనే ఒకసారి ఎడిట్ చేశా, లైట్‌రూమ్ మొబైల్‌లో. మొదట సముద్రపు గీత సరిచేశా, ఎడమకి వాలి ఉంది. హైలైట్స్ (బాగా వెలిగిన చోట్లు) −45. వైట్ బ్యాలెన్స్ జోలికి పెద్దగా పోలేదు, సాయంత్రం నీలంగానే ఉండాలి, దాన్ని మధ్యాహ్నం చేయకూడదు. తర్వాత కలర్ మిక్స్‌లో ఎరుపు శాచురేషన్ −12, ఎరుపు ల్యూమినెన్స్ (ఆ రంగు వెలుగు) −10. అక్కడే కారు రేకులా కనిపించడం మొదలైంది. నారింజని కూడా −8 చేశా, బంపర్ మూల ఎరుపు అందులోకి కారి ఉంటుంది. డోర్ అడుగున గడ్డి పచ్చదనం పడి ఎరుపు బురదలా ఉంది, అక్కడ బ్రష్‌తో మాస్క్ వేసి (అంటే ఆ చోటు మాత్రమే మారేలా గుర్తు పెట్టి) శాచురేషన్ తగ్గించి, కొంచెం వెచ్చదనం పెంచా. టైర్లకి వేరే మాస్క్, షాడోస్ +30, లేకపోతే నాలుగు నల్ల గుంతలు. రోడ్డు ముందుభాగాన్ని అర స్టాప్ (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగమవుతుంది) తగ్గించా, చూపు కారు మీదికి వెళ్లడానికి. చివర్లో హీలింగ్‌తో (అక్కర్లేనివి చెరిపే బ్రష్) చిప్స్ ప్యాకెట్, రెండు రాళ్లు, ఆ లైటు స్తంభం తీసేశా. స్తంభానికే ఎనిమిది నిమిషాలు పట్టింది. తీసేటప్పుడు రెండడుగులు జరిగి ఉంటే ఎనిమిది నిమిషాలూ మిగిలేవి.

క్లారిటీ, డీహేజ్ (వెలుగునీడల తేడా పెంచే స్లైడర్లు) నీకు బాగా ఇష్టంలా ఉంది. వాటిని గ్రిల్‌కి, టైరుకి, రోడ్డుకి పరిమితం చెయ్. డోర్ మీద, బానెట్ మీద పెడితే నునుపు విరిగి మచ్చలు లేస్తాయి, కారు చుట్టూ తెల్లటి అంచు వస్తుంది. నువ్వు వాడిన టీల్ అండ్ ఆరెంజ్ ప్రీసెట్ (రంగుల్ని నీలిపచ్చకి, నారింజకి లాగే రెడీమేడ్ ఎడిట్) డిలీట్ చేసెయ్. అది ఎర్రకారుని నారింజ చేస్తుంది, తర్వాత నువ్వు దాన్ని ఎర్రగా చేయడానికి మళ్లీ శాచురేషన్ పెంచుతావు, కథ మొదటికొస్తుంది.

నంబర్ ప్లేటు మీద ఎమోజీ పెట్టకు. దాచాలనుకుంటే అంకెల్ని హీల్ చేసి ఖాళీ తెల్ల ప్లేటు వదిలెయ్. ఇన్‌స్టాలో నిలువుగా 4:5 పెడితే స్క్రీన్‌లో ఎక్కువ చోటు వస్తుంది, అంటే 1080×1350, కానీ దానికోసం కారు తోక కోయకు. తీసేటప్పుడే పైనా కిందా చోటు వదిలి తియ్. ఎడిట్ అయ్యాక రాత్రే పోస్ట్ చేయకు. తెల్లారి ఫోన్ బ్రైట్‌నెస్ సగంలో పెట్టి చూడు, ఏదో ఒకటి ఎక్కువైందని కనిపిస్తుంది, దాన్ని సగానికి తగ్గించు.

డబ్బు ఖర్చు పెట్టాలని చేయి దురద పెడుతుంటే సీపీఎల్ ఫిల్టర్ (సర్క్యులర్ పోలరైజర్, ప్రతిబింబాల్ని తగ్గించే అద్దం) ఒక్కటి కొనుక్కో. లెన్స్ ముందు బిగించి తిప్పుతుంటే అద్దాల మీద, పెయింటు మీద ప్రతిబింబం తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. మొత్తం తీసేయకు, ప్రతిబింబం లేని కారు ప్రాణం లేనట్టు ఉంటుంది. ముందు అద్దంలో ఆకాశం కాస్త తగ్గి, డోర్ మీద గీత మిగిలేలా తిప్పి ఆపు. ఒకే కోణంలో అన్నిచోట్లా పనిచేయదు కాబట్టి ట్రైపాడ్ మీద రెండు మూడు తీసి కలుపుకోవచ్చు. క్రోమ్ మీద మాత్రం దాని ఆటలు సాగవు. వెనక అద్దం మీద కొన్నిసార్లు ఇంద్రధనుస్సు మచ్చలు వస్తాయి, గట్టిపరిచిన అద్దం లక్షణం అది, ఫిల్టర్ పాడైందనుకోకు. వెలుతురు ఒకటి నుంచి రెండు స్టాపులు తినేస్తుంది, సాయంత్రం అయితే ట్రైపాడ్ తప్పదు.

కొనేముందు లెన్స్ క్యాప్ లోపలివైపు చూడు, వ్యాసం అంకె మిల్లీమీటర్లలో రాసి ఉంటుంది. పాత నికాన్ 18-55 కి 52, కొత్తదానికి 55, కెనాన్‌కి 58. ఇంకో చిన్న సంగతి: పాత కిట్ లెన్సుల్లో కొన్నింటికి ఫోకస్ చేస్తుంటే ముందుభాగం కూడా గుండ్రంగా తిరుగుతుంది, దాంతో పాటు నువ్వు కష్టపడి సెట్ చేసిన ఫిల్టరూ తిరుగుతుంది. నీది అలాంటిదైతే ముందు ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి, ఆ తర్వాతే ఫిల్టర్ తిప్పు.